ఏ శ్రీనివాసరావు?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నడిబొడ్డున నిలబడి 'రావుగారూ' అని ఒక్క కేకేస్తే పది తలుపులు తెరుచుకుంటాయని ఇక్కడి తెలుగువాళ్లు తమ మీద తామే వేసుకునే జోకు. అతిశయోక్తే కానీ మరీ అబద్ధం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, గార్డులుగా, గుమాస్తాలుగా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలవి. సర్వీసు రిజిస్టర్ రాసిన హిందీ గుమాస్తాకు ఇంటిపేరు ముందెందుకు ఉంటుందో అర్థం కాలేదు. దాంతో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుంచించుకుపోయి, పేరు చివర ఉన్న 'రావు'కు ఇంటిపేరు హోదా దక్కింది. మూడు తరాలుగా అదే సాగుతోంది.

ఆ కాలనీలోనే ఒక రిటైర్డ్ గార్డు ఇంట్లో ఈ మధ్య ఒక సాయంత్రం గడిపాను. ఆయన్ని శ్రీనివాసరావు అందాం. అసలు పేరు అది కాదు. అయితే మార్చినందువల్ల పెద్దగా తేడా పడిందనీ అనుకోను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆయన మేనల్లుడు సెలవుకు వచ్చాడు. రాజకీయాలంటే ఆసక్తి ఉన్న కుర్రాడు. పార్టీలకు విరాళాలిచ్చిన వారి జాబితాలన్నిటినీ ఒకచోట పోసి, వాటిని వెదికి పెట్టే ఒక పనిముట్టును స్నేహితులతో కలసి తయారు చేస్తున్నానన్నాడు. వెదికేది మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లు.

బిలాస్‌పూర్‌లో ఏజెంటు అన్న మాటకు ఇప్పటికే చాలా అర్థాలున్నాయి. స్టేషన్ బయట తత్కాల్ టికెట్ ఇప్పిస్తానని చెవిలో చెప్పేవాడు ఏజెంటు. పాలసీ కట్టమని వెంటపడే ఎల్ఐసీ ఆయన ఏజెంటు. పోలింగ్ బూత్‌లో ఓటర్ల జాబితా ముందేసుకుని కూర్చునే పార్టీ మనిషీ ఏజెంటే. ఇంకా వెనక్కి వెళితే, కంపెనీ రైల్వేల కాలంలో మొత్తం రైల్వేకు అధిపతి అయిన దొర హోదా పేరు కూడా ఏజెంటే. ఇప్పుడు వచ్చింది మరో రకం. మామూలు సెర్చ్‌లో మనం ఒక మాట కొడతాం, ఆ మాట ఉన్న వరుసలు వస్తాయి, చదువుకుని అర్థం చేసుకోవడం మన పని. ఏజెంటుకు అలా కాదు. 'ఫలానా కంపెనీ ఐదేళ్లలో ఏ పార్టీకి ఎంతిచ్చింది' అని మామూలు మాటల్లో అడిగితే చాలు. అది తన దగ్గరున్న పనిముట్లలో ఏది వాడాలో ఎంచుకుంటుంది, డేటాబేస్‌కు ప్రశ్న పంపుతుంది, వచ్చిన జవాబు చదువుతుంది, చాలకపోతే మరోలా అడుగుతుంది, చివరికి మనకు నాలుగు వాక్యాల్లో తేల్చి చెబుతుంది. డేటాబేస్‌లను ఇలా ఏజెంట్లకు తగిలించడానికి ఆంత్రోపిక్ అనే అమెరికన్ కంపెనీ 2024 నవంబరులో ఒక ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. ప్లగ్గు, సాకెట్టు ఒకే కొలతలో ఉండటం లాంటిదది. ఆ తర్వాత ఇలాంటి పనిముట్లు తయారు చేయడం ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు సెలవుల్లో చేయగల పనిగా మారింది.

మేనల్లుడు సరదాగా మామయ్య పేరు కొట్టాడు. అర నిమిషంలో జవాబు వచ్చింది. శ్రీనివాసరావు అనే ఈ దాత వేర్వేరు సంవత్సరాల్లో మూడు పార్టీలకు విరాళాలిచ్చాడట. విరాళాల తీరు చూస్తే అధికారంలో ఎవరుంటే వారి వైపు మొగ్గే మనిషిగా కనిపిస్తున్నాడని ఒక విశ్లేషణ కూడా జత చేసింది. అందరం నవ్వుకున్నాం. పింఛనులో పండగ ఖర్చుకే తడుముకునే ఆయన మూడు పార్టీలను పోషించడమేమిటి? వేర్వేరు ఊళ్లలోని నలుగురైదుగురు శ్రీనివాసరావులను యంత్రం ఒక్కడిగా కట్టేసింది, అంతే.

ముందుగా నవ్వు ఆపింది పెద్దాయనే. 'ఏటి బాబూ ఇది, నాదంటే అయిపోయింది. మా పెద్దోడి సంగతేటి?' అన్నారు. తెలుగువాళ్ల ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. అన్నదమ్ములిద్దరూ తండ్రి పేరే తమ కొడుకులకు పెట్టారు. అంటే ఆ ఇంట్లో ఇంటిపేరుతో సహా ఒకే పేరున్న వారు ఇద్దరు. ఒకడు ఆగ్నేయ మధ్య రైల్వేలో ఉద్యోగి, రెండోవాడు విశాఖలో చిన్న కాంట్రాక్టరు. కాంట్రాక్టరు పార్టీకి విరాళమిస్తే చట్టం ఒప్పుకుంటుంది. రైల్వే ఉద్యోగి ఇస్తే ఒప్పుకోదు. 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఐదో నియమం ప్రకారం ఉద్యోగి ఏ పార్టీలోనూ సభ్యుడు కాకూడదు, రాజకీయ కార్యకలాపాలకు చందా కూడా ఇవ్వకూడదు. ఇప్పుడు ఎవరో గిట్టనివాడు ఏజెంటును అడిగి, వచ్చిన నాలుగు వాక్యాలను ప్రింటు తీసి విజిలెన్స్‌కు ఆకాశరామన్న ఉత్తరంతో జత చేస్తే? విచారణలో నిజం తేలుతుంది, నిజమే. తేలేదాకా ప్రమోషన్ ఫైలు మాత్రం ఆగుతుంది. రైల్వేలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషికి ఆ తేడా బాగా తెలుసు.

ఇది చదివి ఇలాంటి పనిముట్లు వద్దంటున్నానని అనుకోకండి. వాటి అవసరం ఎంతో తెలియాలంటే 2024 మార్చిని ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని ఆ ఏడాది ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ఐదుగురు సభ్యుల ధర్మాసనం తీర్పు చెప్పింది. వివరాలివ్వడానికి స్టేట్ బ్యాంక్ జూన్ 30 దాకా గడువు కోరింది. కారణం వినసొంపైనది. కొన్నవారి వివరాలు ఒక చోట, సొమ్ము చేసుకున్న పార్టీల వివరాలు మరోచోట ఉన్నాయట. 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన 22,217 బాండ్లకు రెండు వైపులా కలిపి 44,434 వివరాలను సరిపోల్చాలట. దేశంలోకెల్లా పెద్ద బ్యాంకు ఈ మాట సుప్రీంకోర్టులో చెప్పింది. ధర్మాసనం మార్చి 11న గడువు నిరాకరించింది. 14న ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో రెండు పీడీఎఫ్‌లు ప్రత్యక్షమయ్యాయి. ఒకటి 337 పేజీలు, మరొకటి 426. ఇటు కొన్నవారు, అటు పుచ్చుకున్నవారు. మధ్యలో ముడి లేదు. బాండు మీది సంఖ్యలు కూడా ఇవ్వాల్సిందేనని కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక మార్చి 21న అవీ వచ్చాయి. బ్యాంకు నాలుగు నెలలు పడుతుందన్న పనిని పత్రికల వాళ్లు, ప్రోగ్రామర్లు గంటల్లో చేసేశారు.

అప్పుడు తెలిసింది ఈ బిలాస్‌పూర్‌లో కూర్చున్నవారికి కూడా ఆసక్తికరమే. ఇక్కడి నుంచి హౌరా వైపు వెళ్లే లైనులో చాంపా దగ్గర కోర్బాకు దారి చీలుతుంది. రాత్రింబవళ్లు బొగ్గు ర్యాకులు దొర్లే దారి. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. కోర్బాలో బాల్కో యజమాని అయిన వేదాంత 400 కోట్ల రూపాయలకు పైగా బాండ్లు కొంది. అదే లైనులో ఇంకా ముందుకు వెళితే రాయగఢ్. అక్కడ ఉక్కు చేసే జిందాల్ స్టీల్ అండ్ పవర్ కొన్నవి 123 కోట్లు. మన వైపు చూస్తే, హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో దేశంలోనే రెండో స్థానంలో నిలిచింది. పుచ్చుకున్న వారిలో భారత రాష్ట్ర సమితి 1,200 కోట్లు దాటింది. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ కోర్బా ర్యాకు వెళ్లడం చూసే మామూలు మనిషికి ఈ సంగతులు తెలిసే హక్కుందని ఆ తీర్పు చెప్పింది. హక్కు వేరు, 763 పేజీలు చదివే ఓపిక వేరు. ఆ రెంటి మధ్య ఉన్న గుంటను పూడ్చేదే మేనల్లుడి పనిముట్టు.

అయితే ఆ 763 పేజీలే మరో సంగతి కూడా చెప్పాయి. వెదకడం కష్టం కాదు. వెదికి పట్టుకున్నది ఎవరినో తేల్చడం కష్టం. అందరికంటే పెద్ద దాత ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ సంగతే చూడండి. జాబితాలో దాని పేరు కొన్నిచోట్ల పూర్తిగా, ఎక్కువచోట్ల 'ప్రైవేట్'లోని మొదటి రెండక్షరాల దగ్గర తెగిపోయి ఉంది. ఒక రూపంతో కూడినవారికి మొత్తం 1,208 కోట్లు వచ్చింది. రెండూ కలిపినవారికి 1,368 కోట్లు. మేఘా పేరులో 'లిమిటెడ్' మధ్య ఎవరిదో వేలు జారి ఒక ఖాళీ పడింది. 'లి' ఒకవైపు, 'మిటెడ్' మరోవైపు. మనిషి కంటికి అది అచ్చుతప్పు. యంత్రానికి అది వేరే కంపెనీ.

హబ్ పవర్ ఉదంతం ఇంకా విచిత్రమైనది. ఆ పేరుతో ఒక సంస్థ 2019 ఏప్రిల్‌లో బాండ్లు కొన్నట్టు జాబితాలో ఉంది. అదే పేరుతో పాకిస్తాన్‌లో ఒక పెద్ద విద్యుత్ కంపెనీ ఉంది. ఇంకేముంది, భారత పార్టీలకు పాకిస్తాన్ సొమ్ము ముట్టిందని ఇంటర్నెట్‌లో గంటల్లో ప్రచారం మొదలైంది. తమకూ ఆ బాండ్లకూ ఏ సంబంధమూ లేదని పాక్ కంపెనీ ప్రకటన చేయాల్సివచ్చింది. గమనించండి, అది చేసింది యంత్రం కాదు, మనుషులే. పేరు కలిసింది, కథ రుచిగా ఉంది, ఇక ఎవరాగుతారు? అదే పనిని ఏజెంటు రోజుకు లక్షసార్లు చేయగలదు, అదీ ఎంతో మర్యాదగా, నమ్మకం కలిగించే వాక్యాల్లో.

బాండ్ల మీద రహస్య సంఖ్య ఉందని 2018లోనే బయటపెట్టిన విలేకరి పూనమ్ అగర్వాల్‌కు జరిగింది మరీ చిత్రం. పరిశోధన కోసం ఆమె ఆ ఏడాది ఏప్రిల్‌లో వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొన్నారు. 2024లో విడుదలైన జాబితాలో ఆమె పేరు కనిపించింది, కానీ 2020 అక్టోబరు తేదీతో. ఆ తేదీన తాను కొనలేదని, ఇది పొరపాటా లేక తన పేరే ఉన్న మరొకరా అని ఆమె బహిరంగంగానే అడిగారు. బాండ్ల గుట్టు విప్పిన మనిషే జాబితాలో ఉన్నది తానో కాదో చూసి చెప్పలేకపోతే, రైల్వే కాలనీ రావుల గతేమిటి?

తప్పుగా కలపడం ఒక ప్రమాదమైతే, కలపాల్సినవి కలపకపోవడం రెండోది. పాలకులకూ పెద్ద దాతలకూ సౌకర్యంగా ఉండేది ఈ రెండోదే. మేఘా పేరుతో వెదికితే బీజేపీకి సుమారు 584 కోట్లు, బీఆర్ఎస్‌కు 195 కోట్లు కనిపిస్తాయి. కాంగ్రెస్‌కు 18 కోట్లే. కాంగ్రెస్‌ను పట్టించుకోలేదన్న అభిప్రాయం కలుగుతుంది. ఇప్పుడు వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ అన్న పేరు కొట్టండి. పేరులో మేఘా లేదు, హైదరాబాద్ లేదు, తెలుగు వాసనే లేదు. కానీ అది మేఘా గ్రూపు కంపెనీ. అది కొన్న 220 కోట్ల బాండ్లలో 110 కోట్లు కాంగ్రెస్‌కు, 80 కోట్లు బీజేపీకి వెళ్లాయి. ఈ రెండో పేరు చేరగానే కాంగ్రెస్ లెక్క ఏడింతలైంది. దాతల జాబితాలో ఈ బంధుత్వం ఎక్కడా రాసి ఉండదు. కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర, వార్షిక నివేదికల చివరి పేజీల్లో వెదుక్కోవాలి. కాలం కూడా పేర్లతో ఆడుకుంటుంది. జిందాల్ కంపెనీ 2025లో పేరులోంచి 'పవర్' తీసేసి జిందాల్ స్టీల్‌గా మారింది. 2022 దాకా తెలంగాణ రాష్ట్ర సమితిగా ఉన్న పార్టీ బాండ్ల జాబితాలో భారత రాష్ట్ర సమితిగానే కనిపిస్తుంది. పాత పేరుతో అడిగిన ఏజెంటుకు సున్నా వస్తే, తెలంగాణ ఉద్యమ పార్టీ బాండ్లే ముట్టలేదని అది రాసినా ఆశ్చర్యం లేదు.

బాండ్లు పోయాయి కదా, ఇప్పుడెందుకీ గొడవ అనవచ్చు. డబ్బు పోలేదు, దారి మార్చుకుంది. 2013 నుంచి ఉన్న ఎలక్టోరల్ ట్రస్టుల పద్ధతికి మళ్లీ మంచిరోజులొచ్చాయి. 2024-25లో ఈ ట్రస్టులు పార్టీలకిచ్చింది 3,800 కోట్ల పైచిలుకు, అందులో బీజేపీ వాటాయే 80 శాతం దాటింది. కంపెనీలు ట్రస్టుకిస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. ఇచ్చినవారి పట్టిక ఉంటుంది, పుచ్చుకున్నవారి పట్టికా ఉంటుంది. అన్నీ ఒకే కుండలో పోశాక ఏ చుక్క ఎటు వెళ్లిందో మాత్రం చెప్పలేం. బాండ్లకైతే చివరికి సంఖ్య అయినా దొరికింది. ట్రస్టులకు ఆ సంఖ్య కూడా లేదు.

ఇక 20,000 రూపాయలు మించిన విరాళాల సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం 29సి సెక్షన్ ప్రకారం పార్టీలు ఏటా వీటి నివేదిక ఇవ్వాలి. 24ఎ అనే ఫారంలో దాత పేరు, చిరునామా, పాన్ నంబరు, మొత్తం, చెల్లించిన తీరు నింపాలి. అంతకు తక్కువ ఇచ్చినవారి పేర్లు చెప్పనక్కర్లేదు. నింపాల్సిన గడులు ఖాళీగా వదిలేస్తున్నారని అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్ ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉంది. బాండ్ల కేసులో ప్రధాన పిటిషనరు కూడా ఆ సంస్థే. పార్టీలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసేందుకు ఎన్నికల సంఘం 2023 జులైలో ఒక పోర్టల్ తెరిచింది. పౌరుడికి దొరికేది మాత్రం పార్టీకొకటి, ఏడాదికొకటి చొప్పున పీడీఎఫ్‌లే. కొన్ని వంకర టింకరగా స్కాన్ చేసినవి. 'శ్రీనివాస్', 'శ్రీనివాసు', 'సీనివాస్' మూడూ ఒకరా ముగ్గురా అన్నది ఏజెంటు ఊహకు వదిలేసినట్టే.

అమెరికా ఈ విషయంలో మనకంటే చాలా ముందుంది. అక్కడి ఫెడరల్ ఎన్నికల కమిషన్ తన డేటాబేస్‌ను యంత్రాలు నేరుగా అడిగేలా తెరిచిపెట్టింది. 200 డాలర్లు మించి ఇచ్చిన ప్రతి వ్యక్తి పేరు, చిరునామా, వృత్తి, పనిచేసే సంస్థ అందులో ఉంటాయి. అక్కడి తెలుగువాళ్లూ దర్జాగా కనిపిస్తారు. పేరు ముందా, ఇంటిపేరు ముందా అన్న పాత పేచీతో సహా. అయితే అమెరికా చట్టంలో ఒక తెలివైన ఏర్పాటుంది. ఆ జాబితాలను చందాలు అడగడానికీ, వ్యాపారానికీ వాడకూడదు. ఎవరైనా వాడితే పట్టుకోవడానికి ప్రతి నివేదికలో పది దాకా దొంగ పేర్లు కలిపే వెసులుబాటు రాజకీయ కమిటీలకు ఇచ్చారు. లేని మనిషికి చందా అడుగుతూ ఉత్తరం వచ్చిందంటే దొంగ దొరికినట్టే. పాతకాలపు ఎలుకల బోను లాంటి ఈ ఉపాయం నాకు భలే నచ్చింది. కాకపోతే ఆ దొంగ పేర్లను కూడా నిజమైన దాతలనుకుని వారి రాజకీయ స్వభావాన్ని విశ్లేషించే ఏజెంటును తలచుకుంటే నవ్వొస్తుంది.

మన దగ్గర అలాంటి నిషేధమేదీ లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆదుకుంటుందా అంటే, ఏదైనా చట్టం ప్రకారం బహిరంగపరచాల్సిన సమాచారానికి ఆ చట్టమే వర్తించదు. దాతల జాబితా ఆ మినహాయింపు కిందికే వస్తుందని వాదించడం లాయరుకు పెద్ద కష్టం కాదు. ఇన్నాళ్లూ చిన్న దాతను కాపాడింది చట్టం కాదు, పీడీఎఫ్ బద్ధకం. ఇరవై ఐదు వేలు పార్టీకిచ్చిన బిలాస్‌పూర్ మందుల షాపు యజమాని పేరు 200వ పేజీలో ఉంటే ఎవరూ చూసేవారు కాదు. ఇప్పుడు అవతలి పార్టీ వార్డు నాయకుడు తన వీధిలోని పేర్లన్నీ కలిపి ఒక్క ప్రశ్నగా అడగవచ్చు. 400 కోట్ల కంపెనీకి ఈ వెలుగు వల్ల మహా అయితే ఒకరోజు పత్రికల్లో ఇబ్బంది. మందుల షాపు ఆయనకు మున్సిపాలిటీ నోటీసు.

మేనల్లుడితో ఆ రాత్రి జరిగిన వాదనంతా దీని మీదే. సమాచారం బహిరంగమైనదే కదా, నేను వెదికి పెడుతున్నానంతే అన్నాడు. అది సగం నిజం. ఏజెంటు వెదకడంతో ఆగదు, తీర్పు చెబుతుంది. పాత రోజుల్లో రికార్డు రూంలో గుమాస్తాను 'శ్రీనివాసరావు ఫైలు తీయండి' అంటే, ఆయన కళ్లజోడు సర్దుకుని 'ఏ శ్రీనివాసరావండీ?' అనేవాడు. ఆ విసుగు ప్రశ్నలోనే రక్షణ అంతా ఉంది. పనిముట్టు తయారు చేసేవారు ఆ గుమాస్తాను అందులో కూర్చోబెట్టవచ్చు. పేరు తప్ప మరేమీ కలవనప్పుడు వరుసలను విడివిడిగానే ఇవ్వాలి, వీరంతా ఒకరేననడానికి ఆధారం లేదన్న మాటను జవాబుతో పాటే పంపాలి, ప్రతి అంకె పక్కనా అది ఏ నివేదికలో ఏ పేజీలోదో రాయాలి. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. చేయకపోవడానికి కారణం ఒకటే. 'తెలియదు' అని చెప్పే పనిముట్టు డెమోలో మెరవదు.

అసలు బాధ్యత మాత్రం కుర్రాళ్లది కాదు. మన దేశంలో రిజిస్టరైన ప్రతి కంపెనీకీ 21 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఉంది. పేరు మారినంత మాత్రాన అది మారదు, 'లిమిటెడ్' మధ్య ఖాళీ పడితే చెదరదు. పార్టీల, ట్రస్టుల నివేదికల్లో కంపెనీ పేరు పక్కన ఆ సంఖ్య వేయమని ఎన్నికల సంఘం అడిగితే ఫ్యూచర్ గేమింగ్ రెండు ముక్కలయ్యేది కాదు, హబ్ పవర్ సరిహద్దు దాటేది కాదు. వ్యక్తుల విషయంలో పనికొచ్చేది దీనికి తిరగేసిన పద్ధతి. చిన్న దాత ఇంటి నంబరు, వీధి బయటకు రానక్కర్లేదు. పాన్ నంబరు సంఘం దగ్గరే ఉంచుకుని, ఒక మనిషి అన్ని విరాళాలకూ ఒకే మారు సంఖ్య ఇస్తే ఇద్దరు శ్రీనివాసరావులు ఇద్దరుగానే ఉంటారు. పెద్ద కంపెనీ కనిపించాలి, మామూలు మనిషి కలసిపోకూడదు. ప్రస్తుతం జరుగుతున్నది సరిగ్గా ఇందుకు వ్యతిరేకం. పీడీఎఫ్‌లు ఇలాగే ఉండాలని ఎవరూ కుట్ర పన్ని ఉండకపోవచ్చు. కానీ ఇలా ఉండటం వల్ల పార్టీలకు నష్టమేమీ లేదన్నది కూడా గమనించాలి. బాండ్ల మీది సంఖ్యల కోసం దేశ సర్వోన్నత న్యాయస్థానం రెండుసార్లు చెప్పాల్సివచ్చిన చరిత్ర మనది.

మేనల్లుడు కాసేపు ఏదో దిద్దాడు. మళ్లీ అడిగాడు. ఈసారి జవాబు వేరుగా వచ్చింది. ఈ పేరుతో పలు నమోదులున్నాయి, వీరు ఒకే వ్యక్తి అని చెప్పడానికి ఆధారాలు చాలవు, ఊరు లేదా మరో వివరం ఉంటే చెప్పండి అంది. పెద్దాయన లోపలికి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి పింఛను కాగితం, పాత సర్వీసు కార్డు, ఆధార్ కార్డు తెచ్చి టేబుల్ మీద పరిచారు. ఒకదానిలో పొడి అక్షరం ముందుంది, ఒకదానిలో వెనకుంది, మూడోదానిలో అసలు లేదు. శ్రీనివాస్ ఒకచోట, శ్రీనివాసులు ఇంకోచోట.

'ఇందులో నేనెవర్నో ముందు దాన్ని చెప్పమను బాబూ' అన్నారు.